ఉద్యోగం నిలబడ్డా మా అబ్బాయి ఎందుకు వెనకబడుతున్నాడు?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అతని టీమ్‌లో నలుగురిని తీసేశారు. అప్పటి నుంచి అర్ధరాత్రి దాకా పనిచేస్తున్నా పనితీరు రేటింగ్ తగ్గింది. ఉద్యోగం భద్రమేనా అని రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాం. మాన్పించి ఏఐ కోర్సులో చేర్పించాలా, అక్కడే కొనసాగమనాలా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, అబ్బాయిలో సత్తా తగ్గిందేమోనన్న బెంగే మీ మాటల్లో ఎక్కువగా కనిపిస్తోంది. ఆ బెంగ అక్కర్లేదు. లేఆఫ్‌లలో మనుషులు వెళ్లిపోతారు గానీ వాళ్ల పని అక్కడే ఉంటుంది. నలుగురు చూసుకున్న సాఫ్ట్‌వేర్ భాగాలు (మాడ్యూళ్లు), వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఇబ్బంది వస్తే వేళ కాని వేళ వచ్చే ప్రొడక్షన్ కాల్స్, ఎక్కడా రాసిపెట్టని క్లయింటు వివరాలు మిగిలినవారి మీద పడతాయి. తాను రాయని కోడ్‌లో తప్పు వెతకడంతోనే రాత్రి గడిచిపోతే, ఏడాది మొదట్లో ఒప్పుకున్న లక్ష్యాలు మూలన పడతాయి. రేటింగ్ ఇచ్చేటప్పుడు మాత్రం చాలాచోట్ల ఆ లక్ష్యాలనే చూస్తారు.

దీనికి తోడు, మిగిలినవారు తర్వాతి పేరు తమదేనేమోనన్న భయంతో సెలవు అడగరు, తెలియనిది తెలియదని చెప్పరు. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2022 నవంబరులో 11,000 మందిని తొలగిస్తున్నట్లు చెప్పి, నాలుగు నెలలకే మరో 10,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. టీసీఎస్ 2025 జులైలో దాదాపు 2 శాతం, అంటే 12,000కు పైగా సిబ్బందిని తగ్గిస్తామంది. ఇలాంటివి చూస్తున్నవారికి ఒక విడతతో గండం గడిచిందన్న ధీమా ఎలా వస్తుంది?

అందుకే మీతో కాస్త కటువుగా మాట్లాడక తప్పదు. ఆఫీసులో పగలంతా వేధించే ప్రశ్ననే రాత్రి ఇంటి నుంచి మీరు మళ్లీ వేస్తున్నారు. దయచేసి మానండి. భోజనం చేశావా, నిద్రపోయావా అని అడగండి, చాలు.

ఇక ఏఐ కోర్సు. నేర్చుకోవద్దని అనను, కానీ ఉద్యోగం మాని, వాయిదాల మీద లక్షలు కట్టి, కొద్ది నెలల సర్టిఫికెట్ తెచ్చుకుంటే గట్టెక్కుతామన్న ప్రచారం మీద నాకు గట్టి సందేహాలున్నాయి. అనుభవం ఉన్నవారిని ఇంటర్వ్యూలో అడిగేది ఏం తయారుచేశారు, అది పాడైతే ఎలా సరిచేశారు అని. ఆ అనుభవం మీ అబ్బాయికి ఇప్పుడు ఉన్నచోటే దొరుకుతోంది. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నచోట డబ్బు వాపసు షరతులు పూర్తిగా చదవండి.

ప్రస్తుతానికి కొనసాగడమే మేలు. కొత్తగా మీద పడ్డ పనులన్నీ రాసి, వీటిలో ఏది ముందు, పాత లక్ష్యాల్లో ఏది వాయిదా వేయాలి అని మేనేజర్‌ను మెయిల్‌లో అడగమనండి. రాత్రి కాల్స్‌కు వంతులు వేయమని కోరడం తప్పేమీ కాదు. రెండు మూడు నెలలు చూసినా మార్పు లేకపోతే వేరేచోట ప్రయత్నించవచ్చు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వాలి, రాజీనామా తర్వాత పనిచేయాల్సిన నోటీసు గడువు 90 రోజులు ఉందేమో ముందే చూసుకోవాలి. ఒకవేళ ఆరోగ్యం దెబ్బతింటుంటే మాత్రం ఆ లెక్కలేవీ చూడకుండా డాక్టరుకు చూపించి, సెలవు పెట్టించండి.