తాతయ్య కత్తితో గడ్డం గీసుకోబోయే అబ్బాయికి

చిరంజీవికి,

పెదనాన్న ఆశీర్వదించి రాసేది. తాతయ్య కత్తిని నూరి మీ నాన్న చేత పంపుతున్నాను. దాన్ని అద్దాల బీరువాలో దాచకుండా దానితోనే గడ్డం గీసుకుంటానన్నావని విని ఎంతో సంతోషించాను. మన క్షౌరపు పనిముట్ల పొదిలో మిగిలిన పాత కత్తి ఇదొక్కటే. వాడితేనే దానికి గౌరవం. అయితే కత్తి పట్టేముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

కత్తి తోక దగ్గర, అంటే అలుగుకూ పిడికీ మధ్య సన్నని భాగంలో, ‘సోలింగెన్’ అనే అక్షరాలు అరిగిపోయి కనిపిస్తాయి. కత్తులకు పేరుమోసిన జర్మనీ ఊరు అది. ఆ పేరును ఎవరు పడితే వాళ్లు వేసుకోకుండా అక్కడ 1938లోనే చట్టం చేశారు. ఉక్కు చాలా మంచిది, కానీ తడి తగిలితే ఇట్టే తుప్పు పడుతుంది. అంచు చివర నువ్వుగింజలో సగమంత గంటు ఉండేది. 1000 నంబరు రాయి మీద అది పోయేదాకా నూరి, తర్వాత అంతకంతకూ నున్నగా ఉండే 4000, 8000, చివరకు 12000 రాళ్ల మీద తీశాను. ఇప్పుడు చేతి మీది వెంట్రుకను చర్మానికి తగలకుండానే తెంపుతోంది. పదును తగ్గిందనిపిస్తే నాకు పంపు. వీధిలో చక్రం తొక్కుతూ సాన పట్టేవాళ్లకు మాత్రం ఇవ్వకు. కూరగాయల కత్తులకూ కత్తెరలకూ వాళ్ల పని బాగుంటుంది. ఇంత పలచని అంచు ఆ చక్రం వేడికి నీలంగా మారిందంటే ఉక్కులో గట్టితనం పోయినట్టే. ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు.

రాయితో నీకు ఇప్పట్లో పని లేదు. నువ్వు నేర్చుకోవలసింది తోలుపట్టీ. గడ్డం గీసుకునే ప్రతిసారీ ముందుగా కత్తిని దాని మీద తీయాలి. పట్టీ ఒక కొసను గోడకున్న కొక్కేనికి తగిలించి, రెండో కొసను వదులు లేకుండా లాగి పట్టుకో. వదులైతే అంచు గుండ్రబడుతుంది. కత్తిని పట్టీ మీద బల్లపరుపుగా పడుకోబెట్టు. అంచుకు అవతల మందంగా ఉండే వెన్నూ, అంచూ రెండూ తోలుకు ఆనాలి, వెన్ను ముందు నడవాలి, అంచు దాని వెనక రావాలి. కొస దాకా వెళ్లాక కత్తిని వెన్ను మీదుగానే తిప్పు. అంచు మీదుగా తిప్పావంటే పట్టీ తెగుతుంది, నా శ్రమంతా వృథా అవుతుంది. పట్టీకి ఉన్న గుడ్డవైపు ఓ 20 సార్లు, తోలువైపు 40 సార్లు చాలు. సెలూన్లలో టపటపమని తీసే వేగం నీకొద్దు. ముందు తిప్పడం చేతికి అలవాటు కానీ. మొదటి వారమంతా ఇదొక్కటే చేసి, కత్తిని ముఖం దగ్గరకు తీసుకురాకపోయినా నాకు అభ్యంతరం లేదు.

ఇక గడ్డం సంగతి. స్నానం చేశాకే మొదలుపెట్టు, నీళ్లకు నాని వెంట్రుక మెత్తబడుతుంది. డబ్బాలో వచ్చే నురగ కంటే సబ్బూ బ్రషూ మేలు. బ్రషుతో తీసిన నురగ నీళ్లు పట్టి ఉంటుంది, కత్తి దాని మీద జారుతుంది. స్నానాలగది తలుపు గడియ పెట్టుకో, ఫోను బయటే ఉంచు. చేతులు పొడిగా తుడుచుకో.

తోక మీద మూడు వేళ్లు, కింద బొటనవేలు, వంపు తిరిగిన కొస మీద చిటికెనవేలు ఉండాలి. పిడి పైకి తెరిచి ఉండాలి. కత్తిని చెంపకు పూర్తిగా ఆనించి, వెన్నును కాస్త లేపు. 30 డిగ్రీల వాలు అంటే సుమారుగా అంతే. మరీ లేపితే చర్మం గీరుకుపోతుంది, మరీ వాల్చితే వెంట్రుకను తెంపకుండా పీకుతుంది. రెండో చేత్తో చెవి దగ్గర చర్మాన్ని పైకి లాగి బిగించు. వదులుగా ఉన్న చర్మం మీద ఏ కత్తీ నడవదు. వెంట్రుక ఎటు వాలి ఉందో అటే, అంగుళం అంగుళంగా కిందికి దించు. కత్తి బరువే చాలు. నొక్కాల్సి వస్తోందంటే పదునైనా తగ్గి ఉండాలి, వాలైనా తప్పి ఉండాలి. అక్కడికక్కడ ఆపి రెండూ సరిచూసుకో. అంతా సరిగ్గా ఉంటే సన్నగా సరసరమనే చప్పుడు చెవికి వినిపిస్తుంది. అద్దం కంటే ఆ చప్పుడునే ఎక్కువ నమ్ము.

కత్తిని అంచు పొడవునా పక్కకు జరపడం మాత్రం ఎప్పుడూ చేయకు. లోతుగా తెగేది అలాగే. చేతిలోంచి జారితే పట్టుకోబోకు, కాళ్లు వెనక్కి తీసుకుని పడనివ్వు. అంచు విరిగితే నేను నూరగలను.

మొదట్లో రెండు చెంపలు మాత్రమే కత్తితో గీసుకుని, మిగతాది రోజూ వాడే రేజరుతో ముగించు. చెంపలు చేతికి వచ్చాక దవడ కింద, ఆపైన మెడ. గడ్డం మొన, పై పెదవి ఆఖరున. అక్కడ చర్మం గుండ్రంగా తిరుగుతుంది, వెంట్రుకా గట్టిగా ఉంటుంది. నున్నగా రావాలని ఎదురు గీత గీయబోకు, కొన్ని నెలలు ఆగు. మొటిమ ఉన్న రోజు కత్తి ముట్టకు. చిన్న గాటు పడితే చల్లనీళ్లతో కడిగి, తడిపిన పటిక ముక్క అద్దు.

ఈ కత్తి నీ ఒక్కడిదే. స్నేహితులు సరదాపడినా ఇవ్వకు. హెపటైటిస్ బి లాంటివి రక్తం ద్వారా సోకుతాయి. సెలూన్లలో మనిషి మనిషికీ బ్లేడు మార్చే కత్తులు రావడం చాలా మంచి పని, పాతకాలం వాడినైనా ఆ మాట నేను గట్టిగా చెబుతాను. నీకు పంపేముందు దీన్ని సబ్బునీళ్లతో కడిగి స్పిరిట్‌తో తుడిచాను.

పని అయ్యాక అంచును కడిగి, వెన్ను నుంచి అంచువైపు మెత్తని గుడ్డతో తుడువు. పిడి గేదె కొమ్ముది, నీళ్లలో నానితే పగులుతుంది. కాసేపు తెరిచి ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాయి. కొబ్బరినూనె వద్దు, జిడ్డు పేరుకుంటుంది. స్నానాలగదిలో చెమ్మ ఉంటుంది కాబట్టి కత్తిని అక్కడ ఉంచకు.

సంక్రాంతికి విమానంలో వచ్చేటట్లయితే కత్తిని చేతిసంచిలో పెట్టుకోకు, తనిఖీలో తీసేసుకుంటారు. గుడ్డలో చుట్టి, కౌంటరులో ఇచ్చే పెట్టెలో పెట్టు. పట్టీ కూడా తీసుకురా, నువ్వు కత్తి తిప్పే పద్ధతి కళ్లారా చూడాలి.

ఇట్లు,
మీ పెదనాన్న