కీళ్లవాతం మందు మారుతోంది, ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రుమటాయిడ్ కీళ్లవాతానికి వాడుతున్న మెథోట్రెక్సేట్ సరిపోవడం లేదు, బయలాజిక్ ఇంజెక్షన్లు (జీవకణాల నుంచి తయారుచేసే మందులు) మొదలుపెడదామని డాక్టర్ అన్నారు. ఇద్దరి సంపాదన కలిపి నెలకు 48 వేలు. అమ్మాయి చదువుకని దాచిన 3 లక్షల ఎఫ్‌డీ తీసేయాలా? నాలుగేళ్లుగా ఆరోగ్య బీమా ఉంది, జబ్బు సంగతి అప్పుడే చెప్పాం.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఎఫ్‌డీ జోలికి ఇప్పుడే వెళ్లకండమ్మా. మందు మారే మొదటి మూడు నెలలకు ఎంతవుతుందో ముందు లెక్కేద్దాం. ఇబ్బంది పెట్టేది ఆ సమయమే. కొత్త మందు ఫలితం తేలడానికి సాధారణంగా మూడు నెలలు పడుతుంది. ఈలోగా పాత మాత్రలు ఆపకపోవచ్చు. మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్ పరీక్షలు చేయిస్తారు. నొప్పికి పని మానుకునే రోజులు కూడా ఖర్చే, వాటినీ కలపండి.

మందు ఏదో తెలిస్తేనే బీమా సంగతి తేలుతుంది. ఇంట్లో పొడుచుకునే ఇంజెక్షన్‌ను ఓపీ (ఆసుపత్రిలో చేరకుండా చేసుకునే వైద్యం) ఖర్చు కింద చూస్తారు, చాలా పాలసీల్లో అది రాదు. ఆసుపత్రిలో డే కేర్ కింద, అంటే చేరి అదే రోజు ఇంటికి వచ్చేలా ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్, రిటుక్సిమాబ్ లాంటివి మోనోక్లోనల్ యాంటీబాడీలు, అంటే ఒకే లక్ష్యాన్ని పట్టుకునేలా ల్యాబ్‌లో తయారుచేసిన ప్రొటీన్లు. ఈ చికిత్సను పాలసీల నుంచి మినహాయించకూడదని 2019లోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. అయితే కంపెనీలు దానికి విడిగా పరిమితి పెట్టుకోవచ్చు, మీ పాలసీలో ఎంత ఉందో చూడండి. ఎటనర్సెప్ట్ అనే మరో బయలాజిక్ మాత్రం ఈ మోనోక్లోనల్ కోవలోకి రాదు. మందు పేరు, ఇచ్చే పద్ధతి రాసి బీమా కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. క్లెయిమ్ వస్తుందని అవసరం లేకపోయినా అడ్మిట్ అవ్వకండి, తిరస్కరిస్తే మొత్తం భారం మీ మీదే పడుతుంది.

ధర గురించి డాక్టర్‌తో మొహమాటపడకండి. అడాలిముమాబ్ అనే బయలాజిక్‌కు మన దేశంలో తయారైన బయోసిమిలర్ (అసలు మందును పోలిన మందు) 2014 నుంచే ఉంది. ఈ జబ్బుకే వాడే టోఫాసిటినిబ్ మాత్రలకు జనరిక్‌లూ దొరుకుతున్నాయి. ఏది మీకు సరిపోతుందో డాక్టరే చెప్పాలి, కానీ మీ బడ్జెట్ ఎంతో వారికి తెలియాలి కదా.

ఇంకా తక్కువపడితే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే దాన్ని హామీగా ఉంచి బ్యాంకు అప్పు తీసుకోండి. సాధారణంగా 90 శాతం దాకా ఇస్తారు, వాడుకున్న సొమ్ముకే వడ్డీ, డిపాజిట్ అలాగే ఉంటుంది. మూడు నెలల తర్వాత మందు పనిచేస్తోందని డాక్టర్ చెప్పాకే ఏడాది ఖర్చుకు ప్రణాళిక వేద్దాం.

ఒక్క విషయంలో నాకు నిజంగా భయం. డబ్బు మిగులుతుందని డోసు వాయిదా వేసి, మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కునేవాళ్లు చాలామంది. మెథోట్రెక్సేట్‌తో పాటు అవి ఇష్టమొచ్చినట్టు వాడితే కిడ్నీలకు ప్రమాదం. నొప్పి తట్టుకోలేకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి, ఈ కొద్ది వారాలకు ఏం వాడాలో వారే రాసిస్తారు.