ఎనిమిది నెలల పొడి దగ్గు, రిపోర్టులన్నీ నార్మల్

ఇది ఊపిరితిత్తుల గొడవలా లేదండి, గొంతు నరానిదే అనిపిస్తోంది. ఎక్స్‌రే, కళ్లె పరీక్ష బాగున్నాయి, ఏ సిరప్పూ పనిచేయలేదు, ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడినా పోపు ఘాటు తగిలినా దగ్గు తెర వస్తోంది అన్నారు కదా, గొంతుకీ ఊపిరితిత్తులకీ వెళ్లే వేగస్ నరం కొమ్మలు అతి సున్నితమైతే ఇలాగే ఉంటుంది.

1. బీపీ మాత్ర పేరు చూడండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ అయితే అదే కారణం కావచ్చు. మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు మారుస్తారు. మార్చాక కూడా తగ్గడానికి వారాలు పడుతుంది.

2. అందరూ వదిలేసేది ఇదే. గొంతులో గీర పుట్టగానే సవరించుకుంటారు, దాంతో నరం ఇంకా రెచ్చిపోతుంది. గీర మొదలైన క్షణంలోనే, దగ్గు రాకముందే, ఒక గుక్క నీళ్లు మింగి, నోరు మూసి ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి వదలండి. ఒకసారి దగ్గాక చేస్తే లాభం తక్కువ. నీళ్ల సీసా చేతిలోనే ఉండాలి, పక్క గదిలో కాదు.

3. మిర్చి యార్డు వైపు వెళ్తే మాస్కు. మన గుంటూరులో ఇది చెప్పాలా!

4. నెలకీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరును స్పీచ్ థెరపీ (దగ్గును ఆపుకునే పద్ధతులు నేర్పేది) గురించి అడగండి. నరాన్ని శాంతపరిచే గాబాపెంటిన్ లాంటి మందులు ఆయన రాస్తేనే వాడండి, మగతగా ఉంటుంది, బండి జాగ్రత్త.

కళ్లెలో రక్తం, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.