ఇల్లు తవ్వేస్తుంటే పసివాడితో అందులోనే ఉండొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఫ్రాన్స్‌లో లిమోజ్ దగ్గర ఒక పల్లెలో పాత రాతి ఇల్లు కొన్నారు. వందేళ్ల పైబడినదట. ఇప్పుడు నేల, వైరింగ్, కిటికీలు, రంగులు అన్నీ మార్పిస్తారట, నాలుగు నెలల పని. అన్నాళ్లూ వేరే ఇల్లు అద్దెకు తీసుకుందామని అమ్మాయి అంటోంది. ఒక గదిలో సర్దుకుంటే డబ్బు మిగులుతుంది కదా అని అల్లుడు అంటున్నాడు. మనవడికి రెండేళ్లు. వాణ్ణి చూసుకోవడానికి జూన్‌లో నన్ను రమ్మంటున్నారు. బ్రాడీపేటలో మా ఇల్లు బాగుచేయించినప్పుడు మేం ముందుగదిలోనే ఉండి నెట్టుకొచ్చాం. ఎవరి మాట వినమంటారు? నేను వెళ్లనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి మాటే వినండి. అద్దె లెక్క తర్వాత, ముందు పిల్లాడి సంగతి చూద్దాం.

మీలాగే నేనూ విజయవాడ సత్యనారాయణపురంలో పాత గచ్చు పగలగొట్టించి టైల్స్ వేయించిన నెలన్నర ఇంట్లోనే ఉన్నాను. వంటగది గుమ్మానికి తడి దుప్పటి కట్టాం, అయినా మూత బిగించిన కందిపప్పు డబ్బా అంచు చుట్టూ వేలు తిప్పితే బూడిదలాంటి పొడి, ఆవకాయ జాడీకి కట్టిన వాసెన గుడ్డ విప్పి దులిపితే మళ్లీ అదే పొడి. దుమ్ము ఏ గుడ్డకీ ఆగదని నాకు అప్పుడు తెలిసింది. పెద్దవాళ్లం కాబట్టి దగ్గుకుంటూ గడిపేశాం.

వాళ్ల ఇంట్లో లేచే దుమ్ములో సీసం ఉండొచ్చు. పాతకాలం రంగుల్లో సీసం కలిపేవారు, అందుకే ఫ్రాన్స్‌లో 1949 జనవరి 1కి ముందు కట్టిన ఇల్లు అమ్మితే, గోడలకీ తలుపులకీ సీసం పరీక్ష చేయించిన రిపోర్టు కొనేవాళ్లకి ఇచ్చి తీరాలి. కిటికీ చెక్కల మీద పాత రంగు గీకినా, పొడి సాండ్‌పేపర్ పెట్టి రుద్దినా అది సన్నని పొడిగా నేల మీదకి దిగుతుంది, రెండేళ్లవాడు నేల మీదే ఆడతాడు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటాడు. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం అది, పైకి జ్వరంలాగానో దగ్గులాగానో కనపడదు, రక్త పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. పక్క గదిలో గీకుతుంటే ఈ గది తలుపు వేసుకున్నాం అనుకోవడం నాకైతే చాలా భయంగా ఉంది.

ఇక ఎక్కడ ఉండాలి అంటే, మన దగ్గరలాగా వీధి చివర టు లెట్ బోర్డు చూసి రెండు గదులు మాట్లాడుకోవడం ఆ పల్లెల్లో కుదరదు. అక్కడ గీత్ అని ఉంటాయి, మంచాలు, గిన్నెలతో సహా సెలవులకు వచ్చేవాళ్లకి ఇచ్చే ఇళ్లు. జూలై, ఆగస్టుల్లో అవి వారం లెక్కన, శనివారం నుంచి శనివారానికి ఇస్తారు, రేటు బాగా ఎక్కువ. అదే అక్టోబరు నుంచి మార్చి దాకా చాలావరకు ఖాళీగా ఉంటాయి కాబట్టి నెల లెక్కన తక్కువకి మాట్లాడుకోవచ్చు, కాకపోతే చలికాలం హీటర్ల కరెంటు బిల్లు అద్దెలో కలిపారో లేదో ముందే రాయించుకోవాలి. పైగా ఆగస్టులో అక్కడ పనివాళ్లు చాలామంది మూడు వారాలు సెలవు పెట్టేస్తారు. కిటికీలు మార్చి ఇంటి ముందు రూపం మారుస్తున్నారంటే ఊరి మేయర్ ఆఫీసులో ముందు అర్జీ పెట్టాలి, దానికి మామూలుగా నెల గడువు, దగ్గర్లో రక్షిత పాత చర్చిలాంటిది ఉంటే రెండు నెలలు. ఇవన్నీ చూస్తే జూన్‌లో మొదలుపెట్టడం కంటే వేసవిలో కాగితాల పని ముగించుకుని అక్టోబరులో గీత్‌లోకి మారడం మేలు. నాలుగు నెలలన్నది ఐదుకి తేలినా ఇబ్బంది పడకుండా ఇంటివాళ్లతో ముందే మాట అనుకోవాలి. ఇల్లు మాత్రం అదే ఊళ్లోనో పక్క ఊళ్లోనో చూసుకోమనండి, పని దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వెళ్లిరావాలి కదా.

ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు, పని జరుగుతున్నట్టు ఇన్సూరెన్స్ వాళ్లకి ఉత్తరం రాయాలి. ఇన్ని రోజులు మించి ఖాళీగా ఉంటే దొంగతనానికి డబ్బు ఇవ్వం అనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మనకి తట్టని ఇంకో సంగతి చలి. హీటింగ్ ఆపిన ఇంట్లో పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పైపు పగిలిపోతుంది, పని ఆగిన రోజుల్లో మెయిన్ కట్టేసి పైపులు ఖాళీ చేయాలి.

మీ ప్రయాణం మాటకొస్తే, ఇప్పుడే వద్దు. మీరు వాళ్లింట్లో దిగుతున్నట్టు వీసాకి పెట్టే ఆతిథ్య పత్రం మీ అమ్మాయి ఆ మేయర్ ఆఫీసులోనే తీసుకోవాలి, అతిథి ఉండటానికి ఆ ఇల్లు తగినట్టు ఉందా అని వాళ్లు చూడొచ్చు కూడా. నేల తవ్వేసిన ఇంటి అడ్రసుతో ఆ పత్రం అడగడం ఎందుకు చెప్పండి? పని అయిపోయి, ఇల్లంతా తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచాక ఏప్రిల్‌లో వెళ్లండి, వీసా వస్తే 90 రోజుల దాకా ఉండొచ్చు.

అల్లుడితో మీరు వాదించాల్సిన పని లేదు. "బాబూ, ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో సీసం రిపోర్టు ఒకసారి తీసి చూడు" అనండి చాలు. అందులో ప్రతి గోడకీ, ప్రతి కిటికీకీ 0 నుంచి 3 దాకా ఒక అంకె వేసి ఉంటుంది. 0 అంటే సీసం ఉన్నా పరిమితికి లోపే, 3 అంటే సీసం ఉన్న రంగు ఇప్పటికే రాలుతోందని. పిల్లాడు పడుకునే గది పేజీ ముందు చూడమనండి.