కళ్లు తిరగడం తగ్గింది, మళ్లీ విమానం నడపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నాకు 51 ఏళ్లు. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది, సరదాకి చిన్న సింగిల్ ఇంజన్ విమానాలు నడుపుతుంటాను. ఆ మధ్య ఒక పొద్దున మంచం మీద పక్కకి తిరగ్గానే గది మొత్తం గిర్రున తిరిగింది, అర నిమిషంలో ఆగింది గానీ వాంతి వచ్చేంత పనైంది. తర్వాత కొన్ని వారాలు పడుకుంటే, లేస్తే, పైకి చూస్తే వస్తూ పోతూ ఉండింది. ఈఎన్‌టీ డాక్టర్ బీపీపీవీ (తల కదిపినప్పుడు లోపలి చెవి వల్ల కళ్లు తిరిగే జబ్బు) అని చెప్పి, పడుకోబెట్టి తల అటూ ఇటూ తిప్పి ఏదో చేశారు, దాంతో తగ్గిపోయింది. నెలలు గడిచాయి, ఏమీ లేదు. మళ్లీ ఎగరాలని ప్రాణం లాగుతోంది, కానీ పైన ఉండగా వస్తే? అసలు ఇది మెడికల్ ఎగ్జామినర్‌కి చెప్పాలా, చెప్తే లైసెన్స్ పోతుందా?

జవాబు: మీరు చివర్లో అడిగినదానికే ముందు చెప్తానండీ. చెప్పండి, తప్పకుండా చెప్పండి, అదీ మళ్లీ ఎగరకముందే. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నిబంధనల్లోనే ఉంది, ఆరోగ్యం తగ్గిందని తెలిసినప్పుడు లైసెన్స్ ఉన్నా సరే విమానం నడపకూడదని. మెడికల్ సర్టిఫికెట్ మీద ఇంకా గడువు ఉంది కదా అనుకుంటారు చాలామంది, ఆ గడువుకీ దీనికీ సంబంధం లేదు. ఎన్నాళ్లు ఆగమంటారు, ఏ టెస్టులు అడుగుతారు అన్నది మీ దేశపు విమానయాన అధికారుల చేతిలో ఉంటుంది. కారణం తెలిసి, ట్రీట్‌మెంట్ అయ్యి, లక్షణాలు పోయిన బీపీపీవీ అయితే తిరిగి ఎగరడానికి దారి ఉండే జబ్బే, కాబట్టి దాచాల్సిన పనేం లేదు. దాచి ఎగిరితే మాత్రం రేపు చిన్న ఇన్సిడెంట్ జరిగినా మీ మాట ఎవరూ నమ్మరు.

ఇక అసలు భయం, పైన ఉండగా వస్తే ఏంటి అన్నది. బీపీపీవీలో జరిగేది ఇదీ. లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు కొన్ని ఉంటాయి, అవి ఉండాల్సిన చోటు నుంచి ఊడి అర్ధచంద్రాకార నాళాల్లోకి, ఎక్కువగా వెనక నాళంలోకి జారతాయి. తల ఒక పొజిషన్‌కి రాగానే అవి కదిలి లోపలి ద్రవాన్ని లాగుతాయి, తల తిరుగుతోందని మెదడుకి తప్పుడు కబురు వెళ్తుంది. మామూలుగా నిమిషం లోపే ఆగిపోతుంది. మీకు చేసింది బహుశా ఎప్లీ పద్ధతి అయ్యుంటుంది, ఆ రేణువుల్ని నాళంలోంచి బయటకి జార్చడమే అందులో పని.

నిమిషం లోపే కదా, ఓర్చుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. ఇక్కడే జాగ్రత్తగా వినండి. చెవి బాగున్న పైలట్లకి కూడా మేఘంలోనో చీకట్లోనో దిక్కు తెలియకుండా పోతుంది, 1954లో ఇలినాయ్ యూనివర్సిటీలో ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ (బయటకి చూడకుండా మీటర్లు చూసి నడపడం) రాని 20 మందిని బయట ఏమీ కనిపించని పరిస్థితి కల్పించి నడపమంటే అందరికందరూ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. దానికి మందు మనందరికీ నేర్పిందే, ఒంటికి ఏమనిపించినా నమ్మకు, ఇన్‌స్ట్రుమెంట్లని నమ్ము అని. కానీ బీపీపీవీ వచ్చినప్పుడు కనుగుడ్లు వాటంతటవే గబగబా కదులుతుంటాయి, చూపు ఒకచోట నిలవదు, ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముల్లు ఎక్కడుందో, విమానం ఎటు ఒరిగిందో చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్ ఎటు వాలిందో చదవలేరు. మనల్ని కాపాడాల్సిన పద్ధతే ఆ అర నిమిషం పనిచేయదన్న మాట. ఫైనల్ అప్రోచ్‌లో, అంటే రన్‌వే మీదికి దిగబోయే ముందు, అర నిమిషం చాలా పెద్ద టైమ్ అండీ. అందుకే ట్రైనింగ్ ఎంత బాగున్నా అది దీనికి జవాబు కాదు, పక్క సీట్లో నడపగలిగే ఇంకొక మనిషి ఉండటమే జవాబు.

అయితే ముందు ఇది నిజంగా బీపీపీవీయేనా అని గట్టిగా తేల్చుకోండి, ఎందుకంటే మీ కథంతా దాని మీదే ఆధారపడి ఉంది. మెనియర్స్ అనే ఇంకో లోపలి చెవి జబ్బు అయితే దాడి 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా ఉంటుంది, తల కదిపినా కదపకపోయినా వస్తుంది, చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటాయి, అది ఉన్నవాళ్లకి నేను ఎగరమని చెప్పను. మైగ్రేన్ వల్ల వచ్చే వర్టిగో (కళ్లు తిరగడం) 5 నిమిషాల నుంచి 3 రోజుల దాకా ఉండొచ్చు, తలనొప్పి లేకుండా కూడా రావొచ్చు, అది కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. మీది తల కదిలితేనే వచ్చింది, త్వరగా ఆగింది, ఇవి మంచి లక్షణాలే. ఈఎన్‌టీ దగ్గర డిక్స్-హాల్‌పైక్ టెస్ట్ (తల పక్కకి తిప్పి వెనక్కి పడుకోబెట్టి కళ్లు తిరుగుతాయేమో చూసేది) రెండు వైపులా మళ్లీ చేయించి నెగటివ్ అని రాయించుకోండి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) కూడా చేయించండి, ఆ కాగితాలు పట్టుకుని ఎగ్జామినర్ దగ్గరికి వెళ్లండి.

క్లియరెన్స్ వచ్చాక కూడా ఒక్కరే వెళ్లొద్దు. ఎగరకముందు నేల మీదే ఒక పరీక్ష ఉంది, అదే వాక్‌అరౌండ్, అంటే విమానం చుట్టూ తిరిగి అన్నీ చూసుకోవడం. రెక్క కింద వంగి ఫ్యూయల్ శాంపిల్ తీస్తాం, వెంటనే తలెత్తి రెక్క అడుగు భాగం చూస్తాం, నిచ్చెనెక్కి ట్యాంక్‌లోకి తొంగి చూస్తాం, బీపీపీవీని రెచ్చగొట్టే కదలికలు సరిగ్గా ఇవే. తొందరపడకుండా అన్నీ చేయండి, కొంచెం తూలినట్టున్నా ఆ రోజుకి తాళం తిరిగిచ్చేయండి. తర్వాత విషయం మొత్తం తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో, పగటిపూట, హొరైజన్ స్పష్టంగా కనిపించే రోజున, తగినంత ఎత్తులో మొదలుపెట్టండి. స్టీప్ టర్న్‌లు (విమానాన్ని బాగా వాల్చి తిప్పడం) చేయండి, టర్న్‌లో ఉండగా ట్రాఫిక్ కోసం భుజం మీదుగా వెనక్కి చూడండి, కింద పడ్డ పెన్ను తీసుకున్నట్టు వంగండి. టర్న్‌లో తల గబుక్కున వంచితే ఎవరికైనా కాస్త తిరుగుతుంది, దానికి కంగారు పడొద్దు, కానీ టర్న్ ఆగాక కూడా తిరుగుతూనే ఉంటే ఇన్‌స్ట్రక్టర్‌కి కంట్రోల్ ఇచ్చేసి చెప్పండి. సొంతంగా ఎగరడం ఎప్పుడన్నది ఆ ఇన్‌స్ట్రక్టర్, ఎగ్జామినర్, మీరు ముగ్గురూ కలిసి తేల్చండి. బీపీపీవీ తిరిగి రావడం మామూలే, వస్తే ఆ పూటే ఫ్లయింగ్ ఆపి మళ్లీ ట్రీట్‌మెంట్ చేయించుకోండి. ప్యాసింజర్లని, ముఖ్యంగా ఇంట్లోవాళ్లని, అన్నీ కుదుటపడేదాకా ఎక్కించుకోవద్దు.

ప్రశ్న: మా ఆయన కూడా పైలటే డాక్టర్ గారూ. తల తిరగకుండా ముందుజాగ్రత్తగా ఒక మాత్ర వేసుకుని ఎగురుతానంటున్నారు, జలుబు చేసినా ఆగరు. ఏం చెప్పమంటారు?

జవాబు: వద్దని చెప్పండమ్మా. సినారిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, మెక్లిజిన్ లాంటివన్నీ మత్తు తెప్పించేవే, రియాక్షన్ టైమ్ మందగిస్తుంది, పైగా రోజుల తరబడి వాడితే మెదడు తనంతట తాను సర్దుకునే పని కూడా ఆలస్యమవుతుంది. మాత్ర కావాల్సినంత ఇబ్బంది ఉంటే ఆ రోజు ఎగరకూడదు, అంతే. జలుబు సంగతి వేరే. పైకి వెళ్లేటప్పుడు రెండు చెవుల్లో ప్రెషర్ ఒకేలా సర్దుకోకపోతే ఒక్కసారిగా తల తిరగొచ్చు, దిగేటప్పుడు కర్ణభేరి దెబ్బతినొచ్చు. ముక్కు మూసుకుని మెల్లగా ఊదినప్పుడు ఒక చెవి తెరుచుకుని ఇంకోటి తెరుచుకోకపోతే జలుబు పూర్తిగా తగ్గేదాకా ఇంట్లోనే ఉండమనండి.