ఇల్లు వచ్చింది, కూరగాయల బండి రాలేదు

ప్రశ్న: సర్కారు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు రావడంతో బస్తీ నుంచి శంకర్‌పల్లి రోడ్డు వైపు కాలనీకి మారాం. ఇల్లు బాగుంది. కానీ గేటు దగ్గర ఒక్కటే కిరాణా కొట్టు. అందులో ఉల్లి, ఆలు, గుడ్లు, చిప్స్ ప్యాకెట్లు ఉంటాయి. బస్తీలో రోజూ వాకిట్లోకే తోటకూర వచ్చేది. ఇప్పుడు ఆదివారం బస్సులో వెళ్లి తెచ్చింది రెండు రోజుల్లో అయిపోతోంది. నాకు రక్తం తక్కువుందని, ఆకుకూరలు తినమని డాక్టరమ్మ చెప్పింది. పిల్లలేమో చిప్స్‌కి మరిగారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్ శివారు

జవాబు: అంగన్‌వాడీల్లో పనిచేసి రిటైరైన దాన్ని కదమ్మా, ముందు లెక్క చెప్తాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు చెప్పింది. పిల్లల వాటా తగ్గించినా నలుగురుండే ఇంటికి వారానికి దగ్గర దగ్గర పది కిలోలు. ఆడవాళ్లకు బస్సు ఉచితం, సరే. ఆ సంచీ మోసేదెవరు? మోయలేకే ఆలుగడ్డతో సరిపెట్టుకుంటాం. దాన్ని పట్టుకుని పేదవాళ్లకు అవగాహన లేదని మీటింగుల్లో అంటుంటే నాకు ఒళ్లు మండేది.

నగర శివారు కొల్లూరులో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టారు. అలాంటి చోట రైతుబజారు అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. 1999లో మొదలైన రైతుబజార్లు మెహదీపట్నం, ఎర్రగడ్డలో ఎంత రద్దీగా ఉంటాయో మీరూ చూసే ఉంటారు. మార్కెటింగ్ శాఖకు అర్జీ పెట్టండి, కాలనీవాళ్లందరి సంతకాలతో. కానీ అది వచ్చేదాకా కూర్చోవద్దు.

కూరగాయలమ్మే ట్రాలీ ఆటో అతను మీ వైపు ఎందుకు రాడో ఆలోచించండి. బోయిన్‌పల్లి మార్కెట్లోనో గుడిమల్కాపూర్ మార్కెట్లోనో తెల్లవారుజామున సరుకు ఎత్తుకుంటాడు. మీ దాకా వచ్చి నలుగురే కొంటే డీజిల్ ఖర్చు కూడా రాదు, మిగిలిన పాలకూర వాడిపోతుంది. అందుకే మీ బ్లాకులో ఇరవై ఇళ్లవాళ్లు కలిసి అతనితో మాట్లాడండి. వారానికి మూడు రోజులు, ఒకటే టైము, ఒకటే చోటు. పనికి వెళ్లే ఆడవాళ్లు ఇల్లు చేరాక, సాయంత్రం ఆరున్నరకైతే మేలు. ఏం కావాలో ముందురోజే వాట్సాప్‌లో చెప్పేయండి. చెప్పాక కొనాలి మరి, బేరం దగ్గర మొహం చాటేస్తే మళ్లీ రాడు. ఆకుకూరలకు మాత్రం అతన్ని నమ్ముకోకండి. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు కూరగాయలు పండించే ఊళ్లున్నాయి, వాళ్లు సిటీకి సరుకు తెచ్చే దారి మీదే మీరున్నారు. ఒక్క రైతుతో మాట కుదిరినా పొద్దున్నే తాజా కట్టలు మీ గేటు దగ్గర దిగుతాయి. ఒక మాట: కాలనీ అసోసియేషన్ పెట్టగానే కొందరికి బండ్లవాళ్లను గేటు బయటే ఆపాలనిపిస్తుంది. మీరు అడ్డం పడండి.

కిరాణా కొట్టు అతన్ని పుట్నాలు, పల్లీపట్టీలు కూడా ముందు వరసలో పెట్టమనండి. పోయే సరుకైతే అతను కాదనడు. చిప్స్ పూర్తిగా మాన్పించడం మీవల్ల కాదు, నావల్లా కాలేదు.

రక్తం సంగతి. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసుంటే ఆకుకూర తింటున్నానని మానేయొద్దు. కూరలో నిమ్మరసం పిండుకోండి. తిన్న వెంటనే టీ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటపట్టదు, గంట ఆగండి. బ్లాకుల మధ్య ఖాళీ జాగా ఉంటే వానాకాలం మొదట్లో మునగ కొమ్మ పాతండి, ఆకు కోసం ఎవర్నీ అడగక్కర్లేదు.

మీ ఇళ్లలో గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు ఉంటే కొత్త చోట అంగన్‌వాడీలో పేరు రాయించండి. గర్భిణులకు, బాలింతలకు భోజనం, పాలు, గుడ్డు హక్కు, చిన్నపిల్లలకూ వాళ్ల వాటా ఉంటుంది. పేరు పాత బస్తీలోనే ఉండిపోయి ఇక్కడ తీసుకోని వాళ్లను చాలామందిని చూశాను. రేషన్ బియ్యం కోసం కూడా అంత దూరం వెళ్లకండి, మీకు దగ్గర్లోని ఏ షాపులోనైనా ఇస్తారు.