అన్నయ్య పేరు దగ్గర ఆగిపోయే ప్రార్థన

ప్రశ్న: మేడమ్, వందనాలు. నాకు 43 ఏళ్లు. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌన్‌లో ప్రైవేటు స్కూల్ టీచర్ని. బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్లు దాటింది. సండే స్కూల్ చూస్తాను, క్వయర్‌లో పాడతాను. మూడేళ్ల క్రితం నాన్నగారు పోయారు. వీలునామా రాయలేదు. ‘ఇంటి పన్ను పేరు మార్చాలి, సంతకం పెట్టు’ అని అన్నయ్య అంటే చదవకుండా పెట్టేశాను. నా భాగం వదులుకున్నట్టు రాసిన కాగితం అదని పోయిన క్రిస్మస్‌కి తెలిసింది. అడిగితే ‘నీ పెళ్లికి పెట్టినవి లెక్క వేసుకో’ అంది వదిన. అన్నయ్య మా సంఘంలోనే కమిటీ మెంబరు, ముందు వరసలో కూర్చుని సాక్ష్యాలు చెబుతాడు. ‘హృదయంలో ఏ గదికీ తాళం ఉంచకండి, తాళాలన్నీ క్రీస్తుకిచ్చేయండి’ అని మొన్న పాస్టరుగారు ప్రసంగిస్తే ఏడుపొచ్చింది. పిల్లల చదువులు, మావారి ఉద్యోగం, నా బీపీ, అన్నీ ప్రభువుకి చెప్పుకుంటాను. అన్నయ్య మాట రాగానే గబుక్కున ఆమేన్ అనేస్తాను. రాత్రి గిన్నెలు తోముతూ వదినతో మనసులో పోట్లాడుతుంటాను. అసలు నేను విశ్వాసినేనా? ప్రభువు బల్లలో, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే దాంట్లో, పాలుపొందవచ్చా? మావారు ‘వదిలెయ్, దేవుడు చూసుకుంటాడు’ అంటారు. వదలలేకపోతున్నాను.

జవాబు: చెల్లెమ్మా, వందనాలు.

ఆ ‘గబుక్కున ఆమేన్’ చదివి కాసేపు ఆగిపోయాను. నాకూ అలాంటి ఆమేన్ ఒకటి ఉండేది, చాలా ఏళ్లు. ఎవరి పేరు దగ్గరో ఇక్కడ చెప్పను గానీ, ఆ పేరు వచ్చేసరికి నా ప్రార్థన ఎంత చక్కగా ముగిసిపోయేదో నాకింకా గుర్తుంది.

విశ్వాసినేనా అని అడిగారు. మన ఇళ్లల్లో గోడ క్యాలెండర్ మీద తరచూ కనిపించే బొమ్మ ఒకటుంది, ప్రభువు తలుపు దగ్గర నిలబడి తడుతున్నట్టు. అలాంటి చిత్రాల్లో బాగా పేరున్నది హోల్మన్ హంట్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1850ల్లో వేసినది. ఆ తలుపుకి బయట పిడి లేదు. తలుపు అడుగున పిచ్చిమొక్కలు అల్లుకుపోయి ఉంటాయి, చాలాకాలంగా ఎవరూ తీయలేదని తెలిసేట్టు. ‘ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను’ అన్న మాటకి వేసిన బొమ్మ అది. సువార్త కూటాల్లో ఈ వాక్యాన్ని కొత్తవాళ్లకి చెప్పీ చెప్పీ, అసలు ఎవరికి రాశారో మరిచిపోయాం. ప్రకటన గ్రంథంలో అది లవొదికయ సంఘానికి రాసిన మాట. అంటే అప్పటికే నమ్మి, పాటలు పాడుకుంటున్నవాళ్లకి. లోపల ఒక తలుపు మూసి ఉన్నంత మాత్రాన మీరు విశ్వాసి కాకుండా పోరు. ఆ తలుపు మీద చప్పుడు మీకు వినబడుతోంది, అందుకే కదా ఏడ్చారు.

పాస్టరుగారు చెప్పిన గదుల పోలిక మంచిదే. అయితే దానితో ఒక చిక్కుంది. ఆయన మీ ఇంటికి హౌస్ విజిట్‌కి వస్తున్నారని ఫోన్ వస్తే ఏం చేస్తారు? మడత పెట్టని బట్టలన్నీ బెడ్‌రూమ్‌లోకి తోసి తలుపు దగ్గరకి వేస్తారు. కుర్చీ మీద ఉతికిన టవల్ పరుస్తారు. కొత్త కప్పులు కిందకి దించుతారు. క్రీస్తుని లోపలికి పిలవాలనగానే మన చేతులు ఇలాగే సర్దడం మొదలుపెడతాయి. ‘ముందు అన్నయ్యని క్షమించాలి, మనసు శుభ్రం చేసుకోవాలి, అప్పుడు ఆయన్ని రమ్మంటాను’ అని. ఆ సర్దడం మీ వల్ల కావట్లేదు కాబట్టి తలుపు తీయడం లేదు. అందులో మొండితనం కన్నా సిగ్గు ఎక్కువ ఉందని నాకనిపిస్తోంది.

సర్దకండి. ఉన్నది ఉన్నట్టు చూపించండి. 109వ కీర్తన ఒకసారి తెరవండి. తనకి అన్యాయం చేసినవాడి గురించి అందులో వాడిన మాటలు మన ప్రార్థన కూటంలో ఎవరైనా వాడితే పక్కకి తీసుకెళ్లి మందలిస్తాం. వాడి పిల్లలు అడుక్కుతినాలి అని ఉంది అందులో. ఆ మాటల్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. మనం అలా శపించాలని నేననను. ఆ కీర్తన రాసిన మనిషి ఆ విషాన్ని ఊరి మీద చల్లలేదు, తీసుకెళ్లి దేవుడి ముందు కక్కాడు.

మీకు వేరే ప్రార్థన గది అక్కర్లేదు, సింకు దగ్గరే మొదలుపెట్టండి. రాత్రి తొమ్మిదిన్నరకి కుళాయి కింద గిన్నెలు, మీ లోపల కోర్టు. లాయరూ మీరే, జడ్జీ మీరే, వదిన బోనులో. వాదన మొదలైందని తెలియగానే దాన్ని ఆపాలని చూడకండి. పైకే అనండి: ‘ప్రభువా, ఇప్పుడు వదినతో పోట్లాడుతున్నాను, నువ్వూ విను.’ ఆ తర్వాత మీ మామూలు భాషలోనే పోట్లాడండి, గ్రాంథికంలో వద్దు. ‘నా సంతకం దొంగిలించారు’ అనాలనిపిస్తే అదే అనండి. అయ్యాక కుళాయి కట్టేసి రెండు నిమిషాలు ఊరికే నిలబడండి. మొదటి వారం ఏమీ అనిపించకపోవచ్చు. ఫరవాలేదు. ఇన్నాళ్లూ ఒంటరిగా ఆడిన వాదన ఇంకొకరి ముందు జరగడం మొదలైంది. ఆయన్ని లోపలికి పిలవడమంటే ప్రస్తుతానికి మీకు ఇంతే.

ఇంకొకటి అడుగుతాను, కోపగించుకోకండి. ఉత్తరమంతా అన్నయ్య గురించీ వదిన గురించీ రాశారు. నాన్నగారి గురించి రెండే రెండు ముక్కలు: పోయారు, వీలునామా రాయలేదు. కోపం అన్నయ్య మీదేనా? ‘నాన్న నా పేరు ఒక కాగితం మీదైనా ఎందుకు రాయలేదు’ అనే ప్రశ్న మీ లోపల ఎక్కడో కూర్చుని ఉందేమో. పోయినవాళ్ల మీద కోపం రావడం తప్పనుకుంటాం మనం, అందుకని దాన్ని బతికున్నవాళ్ల ఖాతాలో వేస్తాం. నేను పొరబడి ఉండవచ్చు. పొరబడలేదనిపిస్తే, ఒక రాత్రి సింకు దగ్గర వదినని పక్కన పెట్టి నాన్నగారి పేరెత్తి చూడండి. ఏడుపొస్తే రానివ్వండి. మూడేళ్లలో మీరు ఆయన కోసం సరిగ్గా ఏడ్చారో లేదో కూడా నాకు తెలియదు, కాగితాల గొడవ మధ్యలో వచ్చిపడింది కదా.

ప్రభువు లోపలికి వచ్చాక మీ తరఫునే తీర్పు చెబుతాడని మాత్రం నేను హామీ ఇవ్వలేను. లూకా 12వ అధ్యాయంలో అచ్చం మీలాంటి కేసే ఉంది. ఒకడు వచ్చి, పిత్రార్జితంలో నాకు పాలు పంచిపెట్టమని నా అన్నదమ్ముడితో చెప్పు అని యేసుని అడిగాడు. ‘మీమీద తీర్పరినిగానైనను పంచిపెట్టువానిగానైనను నన్నెవడు నియమించెను’ అని ఆయన తిరిగి అడిగాడు. ఆ వెంటనే లోభం గురించి మాట్లాడాడు. అడిగినవాడికి చివుక్కుమని ఉంటుంది. మీకూ ఆయన అలాంటి ఎదురు ప్రశ్నే వేయవచ్చు. అదే లూకా సువార్తలో ఇంకో ఇంటికి మాత్రం ఆయనే పిలిపించుకుని మరీ వెళ్లాడు, జక్కయ్య ఇంటికి. అక్కడ లెక్కల పుస్తకాలు తెరుచుకున్నాయి. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగిస్తానన్నాడు జక్కయ్య. కాబట్టి ఇంటి కాగితాలు ఆత్మీయ విషయం కాదని మీకెవరైనా చెబితే నమ్మకండి.

కాగితాల సంగతి సూటిగా చెబుతాను. క్రైస్తవులకి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. తండ్రి వీలునామా రాయకుండా పోతే తల్లికి మూడో వంతు, మిగతాది కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా. పెళ్లికి పెట్టారన్న కారణంతో కూతురి భాగం పోదు. మన కుటుంబాలు చాలా వాటిలో రికార్డుల్లో హిందువు అనే ఉంటుంది, అప్పుడు ఏ చట్టమన్నది లాయరు తేల్చాలి. హిందూ వారసత్వ చట్టంలోనూ కూతురికి భాగం ఉంది. మోసం చేసి తీసుకున్న సంతకాన్ని రద్దు చేయమని కోర్టుని అడగడానికి సాధారణంగా మోసం తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లే గడువు. కాబట్టి ఆ కాగితం కాపీ తెచ్చుకుని త్వరగా చూపించండి. కోర్టు ఆవరణల్లో ఉండే న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకి, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా లాయరుని ఇస్తారు. విశ్వాసులు కోర్టుకెక్కకూడదని పౌలు కొరింథీయులకి రాయలేదా అంటారు ఎవరో ఒకరు. రాశాడు. తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని కూడా అక్కడే అడిగాడు. ముందు పాస్టరుగారి దగ్గరికి మీవారితో కలిసి వెళ్లి కాగితం చూపించండి. సంఘం ఆ పని చేస్తే మంచిదే. చేయకపోతే, కైసరు (రోమా చక్రవర్తి) ఎదుటనే చెప్పుకొంటానని అన్నవాడు కూడా ఆ పౌలేనని గుర్తు చేయండి. సాక్ష్యం చెబుతుండగా లేచి నిలదీయడం మాత్రం వద్దు, పగలు వందసార్లు అనిపించినా.

మీవారి ‘వదిలెయ్’ అన్న మాట గురించి: ఆయన మీ మంచికే అంటున్నారు, కానీ రాత్రిళ్లు మీరిలా లోలోపల పోట్లాడుతుంటారని ఆయనకి తెలుసా? తెలియకపోతే ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించండి. బీపీ చూసే డాక్టరుగారికీ ఈ సంగతి చెప్పండి, ఈ టెన్షన్ దాని మీద పడకుండా ఉండదు. వదిన వాట్సాప్ స్టేటస్‌లు చూస్తున్నారో లేదో మీరు రాయలేదు. చూస్తుంటే మ్యూట్ చేయండి.

క్షమాపణ గురించి ఈ ఉత్తరంలో మిమ్మల్ని తొందరపెట్టను. భాగం వదులుకోవడమే క్షమించడం అని మాత్రం అనుకోకండి. అవి రెండూ వేరు.

ఇక బల్ల. మొదటి కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయాన్ని భయంతో చదువుతాం మనం. ‘పరీక్షించుకొనవలెను’ దగ్గర ఆగిపోతాం. అక్కడున్నది ‘తన్నుతాను పరీక్షించుకొనవలెను; ఆలాగుచేసి ఆ రొట్టెను తిని’ అని. పరీక్షించుకుని తినమన్నాడు, లేచి వెళ్లిపొమ్మనలేదు. వచ్చే బల్ల ఆదివారం మీరు క్వయర్‌లో నిలబడితే ముందు వరసలో అన్నయ్య తల కనిపిస్తుంది కదా. చూపు అటు పోతే బలవంతంగా తిప్పుకోకండి. ‘ప్రభువా, అదిగో మా అన్నయ్య’ అని లోపలే అనండి, ఆమేన్ పెట్టకుండా. తర్వాత మీ వంతు వచ్చినప్పుడు వెళ్లి రొట్టె తీసుకోండి.